బుధవారం పడవ దాకా

నాకు కోపం ఎక్కువ. మా ఊరు సవుసవులో ఎవర్నడిగినా ముందు ఆ మాటే చెబుతారు. పనిమంతుడన్న మాట తర్వాత, అదీ అడిగితేనే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏసీలు బాగుచేసి బతుకుతున్నాను. మిషను మీద నాకెప్పుడూ కోపం రాలేదు. దాని ముందు రెండు నిమిషాలు కూడా కూచోకుండా కాలిపోయిందని చేతులు దులుపుకునే మనుషుల్ని చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

ఆ సోమవారం పొద్దున్నే ఫోన్ మోగింది. అటు పక్క వలెలేవు ద్వీపంలో నర్సుగా చేస్తున్న లిటియా.

"ఎమోసన్నా, మెరెవలేసత్త పోయింది. నిన్న పొద్దున, చర్చికి బయల్దేరబోతూ."

"అయ్యో! ఎంత మంచి మనిషే!"

"ఆస్పత్రి వెనక గదిలో ఉంచాం. నిన్నంతా బాగానే ఉంది. ఇవాళ తెల్లారినప్పటినుంచీ ఏసీ ఇరవై నిమిషాలు నడుస్తోంది, ఆగిపోతోంది. కినిజోజి చూసి కంప్రెసర్ కాలిపోయిందన్నాడు."

"వాడి మొహం! జనరేటర్‌లో డీజిలు పొయ్యడం తప్ప వాడికేం తెలుసు?"

"తిట్లు వచ్చాక తిట్టు. రుపెని బుధవారం పడవలో వస్తున్నాడు. జైలువాళ్ళు ఒప్పుకున్నారు."

రుపెని మెరెవలేసికి ఒక్కడే కొడుకు. రెండేళ్ళ కిందట రాజధాని సువాలో తాగిన మత్తులో ఒకణ్ణి సీసాతో కొట్టాడు. ఆ మనిషికి కన్ను పోయింది, వీడికి శిక్ష పడింది. తల్లి అప్పటినుంచీ వాణ్ణి చూడలేదు. మాలో పోయినవాళ్ళ నుదుటి మీద ముద్దుపెట్టి సాగనంపుతారు. ఆ ముద్దు దక్కనివాడికి ఆ చావు ఏళ్ళు గడిచినా తీరదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలిసి ఉండదు.

"గది ఇప్పుడు ఇరవై ఒక్క డిగ్రీల్లో ఉందన్నా," అంది లిటియా. "పదహారులో ఉండాలి. ఇరవై అయిదు దాటితే ఇవాళే మట్టి చెయ్యమని నేనే చెప్పాలి. ఆవిడ నాకు పురుడు పోసింది. ఆ మొహం పాడవుతుంటే నేను చూడలేను."

పది నిమిషాల్లో సంచీ భుజాన వేసుకుని రేవుకి పరిగెత్తాను.

పడవ దిగేసరికి పదకొండయింది. ఆస్పత్రి ముందు పెద్ద పందిరి వేసి, చాపలు పరిచి ఉంది. ఒక మూల ఆడవాళ్ళు కర్రపెండలం చెక్కు తీస్తున్నారు. నన్ను చూడగానే అందులో ఒక ముసలావిడ కత్తి ఎత్తి అరిచింది.

"అడుగో వచ్చాడు దొంగ! చెంచాలు దాచుకోండర్రా!"

"మీ ఊళ్ళో చెంచాలు కూడా ఉన్నాయా ముసలమ్మా? ఎప్పట్నుంచి?" అన్నాను.

వాళ్ళ ఊరూ మా ఊరూ తౌవులు. మూలపురుషుల నాటి చుట్టరికం అది. ఎదురుపడితే ఒకరినొకరు ఎంత మాటైనా అనాలి. ఇంట్లో దూరి కంటికి నచ్చింది ఎత్తుకుపోయినా అడిగేవాడు లేడు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. చావింట్లో కూడా ఈ పరాచికాలు ఆగవు. ఆగితే పోయినవాళ్ళకి మర్యాద తగ్గినట్టు.

పందిరి మధ్యలో మెరెవలేసి మొగుడు ఇనోకే కూచుని ఉన్నాడు. చావింటికి మర్యాదగా తెచ్చిన యంగోనా వేళ్ళ కట్ట ముందు పెట్టి, చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాను. తల ఊపాడే గానీ కళ్ళెత్తలేదు. ఎప్పుడు కనిపించినా నా నల్లటి మొహం మీద కొత్త తిట్టు ఒకటి సిద్ధంగా ఉంచుకునే మనిషి. దుఃఖంలో ఉన్నాడనుకున్నాను.

ఆస్పత్రి వెనక కినిజోజి మిషను డబ్బా విప్పేసి, మరలన్నీ గడ్డిలో చల్లి కూచున్నాడు. యాభై దాటినవాడు, ఊరి జనరేటర్ అతని చేతిలోనే ఉంటుంది. నన్ను చూడగానే మీటరు ఎత్తి చూపించాడు.

"చూడు తౌవూ, కొలిచాను. చడీ చప్పుడూ లేదు. మోటారు లోపలి తీగచుట్ట, వైండింగ్, తెగిపోయింది. ఖాళీ డబ్బా."

"ఎక్కడ కొలిచావు?"

"ఈ తీగల దగ్గర."

"తలుపు బయట నిలబడి ఇంట్లో మనుషులు చచ్చిపోయారని చెప్పావన్నమాట. లేచి అవతలికి జరుగు."

కరెంటు కట్టేశాను. కంప్రెసర్ మీద చెయ్యి పెట్టబోతే అర అడుగు దూరంలోనే సెగ తగిలింది. నెత్తి మీద మూత విప్పాను. లోపల మూడు మొనలు. తీగలు పీకేసి, నేరుగా ఆ మొనల మధ్యే మీటరు పెట్టి మూడు జతలూ కొలిచాను. మూడూ పలికాయి. నేలకి పెట్టి చూశాను. అక్కడ కూడా లోపం లేదు. మోటారు నిక్షేపంలా ఉంది.

మూత కింద రూపాయి బిళ్ళంత నల్లటి బిళ్ళ ఒకటి కంప్రెసర్‌కి అతుక్కుని ఉంటుంది. మేం ఓవర్‌లోడ్ అంటాం. మోటారుకి వెళ్ళే కరెంటంతా దాంట్లోంచే పోవాలి. ఒళ్ళు కాలిపోయేంత వేడెక్కినా, మోయలేనంత కరెంటు లాగినా ఆ బిళ్ళ దారి తెంచేస్తుంది. చల్లారాక మళ్ళీ తనే కలుపుతుంది. కినిజోజి కొలిచింది ఆ తెగిన దారిని.

"మోటారు బతికే ఉంది. ఈ బిళ్ళే ఆపింది," అన్నాను.

కినిజోజి మొహం వెలిగిపోయింది. "అయితే బిళ్ళ పాడైందన్నమాట! దాన్ని తీసి అవతల పారేసి, తీగ నేరుగా కలిపెయ్ తౌవూ. రెండు రోజులేగా. మా పొలం పంపుకి నేనట్లాగే చేశాను."

"ఆ పంపు ఇప్పుడెక్కడుంది?"

తల గోక్కున్నాడు. "పొలంలోనే ఉంది. తిరగదు."

అప్పుడే లిటియా కిటికీలోంచి తొంగి చూసింది. "ఇరవై మూడన్నా. చేపల పడవ వాళ్ళిచ్చిన ఐసు కూడా కరిగిపోయింది. ఏదో ఒకటి చెయ్యి. కలపమంటున్నాడుగా, కలిపెయ్యరాదూ!"

నిజం చెప్పొద్దూ, నా చెయ్యి సంచీలోకి పోయింది. జానెడు తీగ ముక్క. ఒక్క నిమిషం పని. గది చల్లబడుతుంది, అందరూ నన్ను దేవుడంటారు. ఆ తీగ ముక్క వేళ్ళ మధ్య నలుపుతూ కాసేపు కూచున్నాను. తర్వాత దాన్ని కొబ్బరిచెట్ల వైపు విసిరేశాను.

"ఇది బుద్ధున్న బిళ్ళ," అన్నాను. "నా వల్ల కాదు మొర్రో అని మోటారు మొత్తుకుంటోంది, ఇది విని ఆపింది. దీని నోరు నొక్కేస్తే మిషను మూడు గంటలు బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఆ తర్వాత నిజంగానే కాలుతుంది. అప్పుడు బుధవారం దాకా నీ ఊపిరితో ఊదుతావా గదిలో? తలుపు తియ్యకండి. కిటికీలకి తడి దుప్పట్లు కట్టండి. ముందు ఇది చల్లారాలి."

"ఎంతసేపు?" అంది లిటియా.

"గంట పైనే."

ఆ గంట నా జీవితంలో కల్లా పెద్ద గంట. తీగలు మళ్ళీ కలిపి, మొనలకి మూత బిగించి, కంప్రెసర్‌కి తడి గోనె చుట్టి, మీద చెంబుతో కొద్దికొద్దిగా నీళ్ళు పోస్తూ కూచున్నాను. ఉప్పుగాలికి మిషను వెనక రేకులన్నీ ఉప్పు పేరుకుని ఉంటే బ్రష్షుతో కడిగాను. పందిట్లో కీర్తన మొదలైంది. ఇరవై మూడున్నర అని లిటియా చెప్పింది. ఇంకాసేపటికి ఇరవై నాలుగంది. పాస్టరు గారు వచ్చి, సాయంత్రానికి గొయ్యి తవ్వించమంటారా అని మెల్లిగా అడిగి వెళ్ళారు. ఆయన మీద కూడా కోపం వచ్చింది, పాపం ఆయనేం చేశాడు?

బిళ్ళ టక్కుమని కలిసింది. కరెంటు వేశాను. కంప్రెసర్ మూలిగి, ఊగి, అందుకుంది. వెంటనే తీగకి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించాను. అయిదున్నర ఆంపియర్లు లాగాల్సిన చోట ఎనిమిది చూపించింది. వోల్టేజీ చూస్తే నూట ఎనభై ఎనిమిది. రెండు వందల నలభై ఉండాలి.

అప్పుడర్థమైంది. అన్నం సగమే పెట్టి పని మొత్తం చేయిస్తే మనిషి ఏమవుతాడో మోటారు కూడా అదే అవుతుంది. కరెంటు ఒత్తిడి తగ్గేకొద్దీ అది ఇంకా ఇంకా లాగుతుంది, లాగేకొద్దీ వేడెక్కుతుంది.

"దీని తిండి ఎవరు తింటున్నారు కినిజోజీ?"

అతను పందిరి వైపు చూశాడు. ఆస్పత్రి మెయిను పెట్టె దగ్గరికి వెళ్ళాను. అక్కణ్ణుంచి ఒక సన్నటి తీగ గోడ దిగి, గడ్డిలోంచి పాక్కుంటూ పందిరి వైపు పోతోంది. దాని వెంటే నడిచాను. పందిరి వెనక మూడు పెద్ద ఫ్రీజర్లు. మూతలెత్తి చూస్తే గొడ్డుమాంసం, చేపలు, అంచుల దాకా. పక్కన లౌడు స్పీకరు, టీ కాచే పెద్ద డబ్బా. బుధవారం మట్టి అయ్యాక మూడు ఊళ్ళవాళ్ళకి పెట్టే భోజనం అది. పోయిన ఇల్లాలి మర్యాద కోసం కూడబెట్టిన మాంసమే ఆ ఇల్లాలి గదిలో చల్లదనాన్ని తినేస్తోంది.

"నిన్న సాయంత్రం తగిలించాం," అన్నాడు కినిజోజి, గొంతు తగ్గించి. "లైట్లు గుడ్డిగా అయిపోయాయి. వెనక మిషను మూలుగుతోందని ఇనోకేకి అప్పుడే చెప్పాను తౌవూ. ఉండనీ అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఉండనీ అన్నానా అని కసిరాడు."

ఇప్పుడు ఫ్రీజర్లు పీకితే బుధవారానికి మాంసం కుళ్ళుతుంది. ఇంటి యజమాని మాట కాదని పరాయివాడు పీకడమంటే మూడు ఊళ్ళ ముందు ఆ ఇంటి పరువు తియ్యడమే. పీకకపోతే మిషను ఇంకో పావుగంటలో మళ్ళీ ఆగుతుంది. బతిమాలితే ఇనోకే ఒప్పుకోడు. ఆ సంగతి వాడు రెండుసార్లు ఉండనీ అన్నప్పుడే తేలిపోయింది.

కానీ నేను పూర్తిగా పరాయివాణ్ణి కాదు, తౌవుని.

పందిరి మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. కీర్తన ఆగింది.

"ఒరేయ్ ఇనోకే!" అని కేక పెట్టాను. "పడవలో వచ్చాను, ఎండలో మాడాను, పచ్చి మంచినీళ్ళు పోసినవాడు లేడు ఈ దరిద్రపు ఊళ్ళో. పందిరి వెనక మాత్రం మూడు పెట్టెల మాంసం దాచుకున్నారు, తిండిపోతు వెధవలు. ఆ మూడూ నావి! ఎత్తుకుపోతున్నాను. దమ్మున్నవాడు అడ్డురండి!"

ఫ్రీజర్ల తీగ పట్టి ఒక్క గుంజు గుంజాను. పందిట్లో లైట్లు భగ్గుమని తెల్లగా వెలిగాయి.

అప్పుడు ఆ ముసలమ్మ గట్టిగా నవ్వింది. "చెప్పానా, చెప్పానా! దొంగ సచ్చినోడు, చెంచాలు కాదు, ఏకంగా గొడ్డునే ఎత్తుకుపోతున్నాడు!" ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆదివారం నుంచీ ఏడ్చి ఏడ్చి గొంతులు పోయిన ఆడవాళ్ళు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"నా మాంసం నా ఇష్టం," అన్నాను. "గుంతపొయ్యి ఇప్పుడే వెలిగించండి. ఇవాళ సాయంత్రానికి ఊరంతా తినాలి. బుధవారం వచ్చేవాళ్ళకి చేమదుంపలు, సముద్రంలో దొరికిన చేప. అడిగితే తౌవు దొంగిలించాడని చెప్పండి, నవ్వి ఊరుకుంటారు."

ఇనోకే లేచాడు. పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. మా ఆచారం ప్రకారం వాడికి కోపగించే వీలు లేదు, వాడు కోపగించనూ లేదు. పందిరి దాటి నడిచి వెళ్ళిపోయాడు.

నేను మిషను దగ్గరికి పరిగెత్తాను. వోల్టేజీ రెండు వందల ముప్పై. కరెంటు ఆరుకి కాస్త తక్కువ. కంప్రెసర్ మూలుగు పోయి సన్నగా పాడుతోంది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది, ఆగలేదు. లిటియా కిటికీలోంచి వేళ్ళు చూపించింది. ఇరవై మూడు. తర్వాత ఇరవై రెండు.

ఇనోకే వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"నువ్వు ఎత్తుకుపోయింది మాంసం కాదురా. నా దారి ఎత్తుకుపోయావు."

"తెలుసు. రెండుసార్లూ ఉండనీ అన్నావని కినిజోజి చెప్పాడు."

"బుధవారం దాకా ఆగితే వాడు సంకెళ్ళతో దిగుతాడు. మూడు ఊళ్ళవాళ్ళు రేవులో నిలబడి చూస్తారు. మిషను దానంతటదే పాడైతే ఎవరి తప్పూ ఉండదు. ఇవాళే మట్టి చేసేసి, ఆలస్యమైంది నాయనా అని కబురు పెడదామనుకున్నాను." కిటికీ వైపు తిరిగాడు. "ముప్పై ఏడేళ్ళు కాపురం చేశాను దానితో. దాని గది వేడెక్కుతుంటే పందిట్లో కూచుని విన్నాను. నేనేం మనిషినిరా?"

వాణ్ణి తిట్టాలని నాలుక చివర దాకా వచ్చింది. తిట్టలేకపోయాను. చెంబు పక్కన పెట్టి, వాణ్ణి నా పక్కన గడ్డిలో కూచోబెట్టాను.

"మా అమ్మ పోయి తొమ్మిదేళ్ళు," అన్నాను. "మా అక్క వానీ దూరాన ఉన్న రోటుమా దీవి నుంచి రావాలి. గదిలో ఏసీ ఆగిపోయింది. నేను ఊళ్ళో పేరున్న మెకానిక్కుని కదా! ఇలాంటి బిళ్ళే, పీకి పారేసి తీగ కలిపాను. మూడు గంటలు నడిచి కాలిపోయింది. ఆ సాయంత్రమే పెట్టె మూసేశాం. అక్క మర్నాడు మధ్యాహ్నం దిగింది. మట్టి మీద పడి ఏడ్చింది."

ఇనోకే నా వైపు తిరిగాడు.

"ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా ఒక్కటే అడుగుతుంది. అమ్మ మొహం ఎలా ఉందిరా తమ్ముడూ అని."

"ఏం చెబుతావు?"

"నిద్రపోతున్నట్టుందని చెబుతాను. నేను చూసిన మొహం అది కాదు. తొమ్మిదేళ్ళుగా అదే అబద్ధం చెబుతున్నాను. నువ్వు కూడా వాడికి అదే చెప్పుకుంటూ బతుకుతావా?"

వాడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. నేను ఆపమనలేదు.

ఆ సాయంత్రం ఊరంతా నా మాంసం తింది, నన్ను తిడుతూ తింది. మంగళవారమంతా మిషను పక్కనే చాప వేసుకుని పడున్నాను. మధ్యాహ్నం ఎండకి రేకుల మీద కొబ్బరాకులతో నీడ కట్టాం. ఇనోకే రెండుసార్లు వచ్చి, ఎంత చూపిస్తోందని అడిగి వెళ్ళాడు. రెండుసార్లూ పదహారే.

బుధవారం తొమ్మిదింటికి పడవ కనిపించింది. రేవులో జనం నిండిపోయారు. ఇనోకే పందిట్లోంచి లేచి, ఎవరి మొహమూ చూడకుండా జనం మధ్యలోంచి నడిచి, నడుముకి చుట్టిన సులు తడుస్తున్నా ఆగకుండా నడుం లోతు నీళ్ళలోకి దిగాడు. రుపెని చిక్కిపోయి ఉన్నాడు. చేతులు ముందుకి కలిపి ఉన్నాయి. తండ్రి తన భుజం మీది నల్లగుడ్డ తీసి ఆ చేతుల మీద కప్పాడు. జైలు జవాను ఒక్కసారి చూసి, గుడ్డ కింద చెయ్యి పెట్టి తాళం తీశాడు.

"మీ అమ్మ ఎదురుచూస్తోంది. పద," అన్నాడు ఇనోకే.

నేను గది లోపలికి వెళ్ళలేదు. నా చోటు మిషను దగ్గరే. తలుపు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వాడి ఏడుపు గోడ దాటి వచ్చింది. ఒకటే మాట, అమ్మా అని.

కాసేపటికి రుపెని వెనక తలుపు తీసుకుని బయటికి వచ్చి, గోడకి ఆనుకున్నాడు. జవాను దూరంగా నిలబడ్డాడు. నేను వాణ్ణి చిన్నప్పుడు భుజాన ఎత్తుకున్నవాణ్ణి. ఓదార్చాలి, నాలుగు మంచి మాటలు చెప్పాలి. నా నోట్లోంచి మాత్రం అక్క మాటే వచ్చింది.

"అమ్మ మొహం ఎలా ఉందిరా?"

వాడు మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"నిద్రపోతున్నట్టుంది మామా," అన్నాడు. "నుదురు చల్లగా ఉంది."

నా వల్ల కాలేదు. రేకుల వైపు తిరిగి, బ్రష్షు చేతిలో పట్టుకుని, కడిగిన చోటే మళ్ళీ కడుగుతూ ఏడ్చాను. శవపేటిక చర్చి వైపు కదిలి, కీర్తన దూరమయ్యాక స్విచ్చి కట్టేశాను.